కాలువ కట్టిన వారం

అద్దం పగిలింది, మార్చమంది.
పాత గుడ్డలో చుట్టి తెచ్చింది పెళ్ళిఫొటోని,
చంటిపిల్లని ఎత్తుకున్నట్టు.

నలభై ఏళ్ళుగా ఇదే పని నాకు,
అమలాపురం గడియారస్తంభం వెనక సందులో
దేవుళ్ళకీ, దండ పడబోయే మనుషులకీ
నాలుగు కర్రముక్కలు బిగించడం.
వెనక అట్ట ఊడదీస్తే ఏదో ఒకటి ఉంటుంది.
తాకట్టు చీటీ, సినిమా కరపత్రం,
ఒకసారి, వాసన ఇంకా చావని మొగలిరేకు.

ఈసారి పత్రిక.
'లంక వార్త', మే తొమ్మిది, అరవై మూడు,
వెల ఆరు నయాపైసలు.
డికాక్షన్ రంగు తేలి, మడత దగ్గర పొడి రాలుతూ.

"చుక్కాని పోలయ్య మృతి."
రెండు కాలాల శీర్షిక. ఫొటో లేదు.
పోలయ్యకి ఎదురుగా నిలబడి
కదలకండి అన్న మొనగాడు ఎవడు గనక?
యానాం నుంచి రాత్రుళ్ళు బ్రాందీ దించే పడవలన్నీ అతనివే.
అతను దగ్గితే రేవులో పోలీసు లాంతరు ఆరిపోయేదట.
లెక్క తప్పిన సరంగుని
తెరచాప కొయ్యకి కొబ్బరితాడుతో కట్టి
పోటు మెడదాకా ఎక్కాక విప్పించేవాడట.
గాలివాన ఏడు మూడు లంకలకి బియ్యం తోలించాడట.
ఈ ఆఖరి మాటకే మా తాత గొంతు తగ్గించేవాడు,
ముందువాటికి కాదు.

"ప్రముఖ వర్తకులు శ్రీ పోలయ్యగారు
సోమవారం రాత్రి మితిమీరి సేవించి
లాకుల దిగువన ప్రధాన కాలువలో కాలుజారి పడి
నీట మునిగి మరణించిరి.
ఇందు ఎవరి ప్రమేయమూ లేదని
సర్కిలు ఇన్‌స్పెక్టరుగారు తెలిపిరి."

ప్రముఖ వర్తకులు!
నవ్వుకుంటూ చెదపురుగుని ఊదేస్తే
పక్క కాలం బయటపడింది.
తలనూనె ప్రకటన ఉండాల్సిన చోటు.

"రైతులకు గమనిక.
పూడికతీత నిమిత్తం ఏప్రిల్ ఇరవై నుండి
కాలువలు కట్టివేయబడినవి.
జూను ఒకటి వరకు నీరు వదలబడదు."

మళ్ళీ ఎడమ పక్క చదివాను.
మళ్ళీ కుడి పక్క.

మే నెల కాలువ నాకు తెలుసు.
నెర్రెలిచ్చిన అడుగు, అక్కడక్కడ బురదగుంట,
పిల్లలు చేతుల్తోనే మట్టగిడసలు పట్టుకుంటారు.
గేదె దిగితే మోకాలు తడవదు.
అందులో మునిగాడట,
వరదలో గౌతమిని అడ్డంగా ఈదినవాడు.

"చూశారా," అంది.
ఫొటోలో పెళ్ళికొడుకు మీద వేలు పెట్టింది.
"మా నాన్నండి. ప్రెస్సులో కంపోజిటరు.
ఆ వార్త కాయితం ఎవరో జీపులో పంపేరంట,
పొల్లు పోకుండా పేర్చాలన్నారంట.
పొల్లు పోకుండానే పేర్చేడండి.
నోటీసు మాత్రం నాలుగో పేజీది,
అద్దరాత్రి తెచ్చి ఇక్కడ బిగించేడు.
తెల్లారేక పన్లోకి రావద్దన్నారు."

పోలయ్య మీకేమవుతాడన్నాను.
"ఏవీ అవడండి.
మా బాబాయి పడవ తగలెట్టించేడు."

ఇంకేం అడగాలో తెలియక అట్ట తిప్పాను.
అరవై ఏళ్ళ ఒత్తిడికి సిరా దానికి అంటుకుంది.
చావూ నోటీసూ పక్కపక్కనే,
అక్షరాలన్నీ కుడి ఎడమలు తిరగబడి,
గుడ్డిదీపం కింద సీసపు అచ్చుల్లో
ఆ రాత్రి ఆయన చూసింది ఇలాగే.

అద్దం కోసి, అంచులు నూరి,
కాగితం లోపలికి జరుపుతుంటే చెయ్యి పట్టుకుంది.
"అలా కాదండి, నాన్న పెట్టినట్టే.
నోటీసు సరిగ్గా ఆయన వీపు వెనక్కి రావాలి."

తిప్పి పెట్టాను. మేకులు కొట్టాను.
నూట ఎనభై అన్నాను, నూట అరవై ఇచ్చింది.
గుడ్డ మళ్ళీ చుట్టుకుంటూ గుమ్మంలో ఆగి
కాలవలు వదిలేరా అని అడిగింది.
ఇంకా లేదండి, అన్నాను.